కార్బరేటర్లు బిగించేశాను, కేబుళ్ల దగ్గర ఆగిపోయాను (పాత సీడూ, 717 ఇంజను)

దిండి_రేవు
రెండు రోజులుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను, తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి. మా దగ్గర పాత సీడూ కంపెనీ జెట్‌స్కీ (నీళ్ల మీద నడిపే స్కూటరు) ఒకటుంది. రోటాక్స్ 717 ఇంజను, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, రెండు మికుని కార్బరేటర్లు. సెకండ్ హ్యాండులో కొన్నాం. గోదారి ఎర్రనీళ్లు వచ్చిన దగ్గర్నుంచి షెడ్డులో టార్పాలిన్ కప్పి ఉంచాం. మొన్న తీసి స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతోంది, ఎక్సిలేటర్ ఇస్తే దగ్గుతోంది. కార్బరేటర్లు విప్పి చూస్తే లోపల చిన్న జాలీ నిండా ఆకుపచ్చ జిగురు. అదంతా కడిగి, డయాఫ్రం కిట్లు కొత్తవి వేసి మళ్లీ బిగించాను. అంతవరకూ బాగానే ఉంది.

విప్పేటప్పుడు ఫొటో తీసుకోలేదు, అదే పొరపాటైంది. నాతోపాటు విప్పిన మా తమ్ముడు హైదరాబాద్ వెళ్లిపోయాడు. ఇప్పుడు నా ముందు మూడు కేబుళ్లున్నాయి. ఎక్సిలేటర్‌ది కార్బరేటర్ లీవరుకి అని తెలుస్తోంది. చోక్‌ది కూడా తెలుస్తోంది. ఎక్సిలేటర్ కేబుల్ నుంచే ఇంకో పాయ చీలి కిందకి వస్తోంది, అది మాత్రం వేలాడుతోంది. ఇంజనుకి ఆయిల్ అందించే ఆయిల్ పంపుదేమో అనుకుంటున్నాను. మా ఊళ్లో బైకులు చేసే అతన్ని పిలిస్తే, అది వదిలేయండి, పెట్రోల్లో టూటీ (టూ స్ట్రోక్ ఆయిల్) కలిపేసుకోండి, పండక్కి నడుస్తుంది అన్నాడు. సంక్రాంతికి అమలాపురం నుంచి, భీమవరం నుంచి చుట్టాలు దిగుతున్నారు, అందరూ జెట్‌స్కీ అనే అడుగుతున్నారు. వదిలేయొచ్చా?

ఏటిగట్టు
వదిలేయొద్దు. మిగతాది పెద్దవాళ్లు చెప్తారు.

కొబ్బరి_లంక
ఫొటో పెట్టండి ముందు. చీకట్లో మాట్లాడుకున్నట్టుంది.

ఉప్పాడ_అల
అన్నా, ఆ మూడో కేబుల్ ఆయిల్ పంపుదే, సందేహం లేదు. వదిలేస్తే ఏమవుతుందో నేను చూశాను కాబట్టి చెప్తున్నా. మేం కాకినాడ వైపు నడిపేవాళ్లం. ఇలాగే కార్బరేటర్లు విప్పి బిగించిన కుర్రాడు ఆ కేబుల్ బుడిపెను లీవరులో సరిగ్గా కూర్చోబెట్టలేదు, సగంలో ఊడిపోయింది. కేబుల్ లాగకపోతే పంపు లీవరు స్ప్రింగు బలానికి వెనక్కే ఉండిపోతుంది. స్లోలో తిరిగినంతసేపూ ఆ కాస్త ఆయిల్ సరిపోతుంది, ఏ తేడా తెలీదు. హోప్ ఐలాండ్ వైపు ఫుల్లుగా లాగాం, పది నిమిషాలు కూడా కాలేదు, ఇంజను పట్టేసింది. చేపల బోటువాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. పిస్టన్లు పోయాయి, సిలిండర్లు గీతలు పడ్డాయి. ఆ సీజను సంపాదన మొత్తం దానికే పోయింది.

దిండి_రేవు
అమ్మో. మంచి పని చేశారు చెప్పి. ఇది విన్నాక ఇంక వదలను.

నర్సాపురం_టూటీ
భయపెట్టేస్తున్నారు గానీ, మా బండికి ఆయిల్ పంపే తీసేశాం. మూడేళ్లుగా పెట్రోల్లో కలిపే నడుపుతున్నాం. 50కి 1, అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు. ఏ రోజూ ఇబ్బంది పెట్టలేదు. పంపు చెడిందేమో, గాలి పట్టిందేమో అన్న టెన్షనే ఉండదు. బైకు మెకానిక్ చెప్పింది మరీ తప్పేం కాదు.

యానాం_బాబాయ్
టూటీ గారూ, మీరు పంపు తీసేసినప్పుడు రోటరీ వాల్వుకి (ఇంజనులోకి గాలీ పెట్రోలూ వెళ్లే దారిని తిరుగుతూ తెరిచి మూసే రేకు) వెళ్లే ఆయిల్ గొట్టాలు ఉంచారా, తీసేశారా?

నర్సాపురం_టూటీ
ఉంచాం బాబాయ్ గారూ. ఆయిల్ ట్యాంకు కూడా అలాగే ఉంది, అందులో ఆయిల్ ఉంటుంది. పంపు ఉన్నచోట ప్లేటు వేసి మూసేశాం.

యానాం_బాబాయ్
అయితే మీరు పద్ధతిగానే చేశారు. ఈ 717లో మధ్యలో రోటరీ వాల్వు తిప్పే షాఫ్టుకి వేరే ఆయిల్ దారి ఉంటుంది, పెట్రోల్లో ఎంత కలిపినా అక్కడికి చేరదు. అది తెలియకుండా ట్యాంకు కూడా పీకేసినవాళ్లున్నారు, వాళ్ల ఇంజన్ల లోపల గేర్లు అరిగి పొడయ్యాయి. మీలా మొత్తం తెలిసి మార్చుకోవడం ఒకటి, కేబుల్ వేలాడుతుండగా సీటు మూసేసి నీళ్లలోకి దింపడం ఇంకొకటి.

పైగా దిండి_రేవు దగ్గర పండగ మూడు రోజులూ చుట్టాలు, పిల్లలు, డబ్బాలతో పెట్రోలు తెచ్చేవాళ్లు వేరేవాళ్లు. ఎవరో ఒకరు ఒక్కసారి ఆయిల్ కలపడం మర్చిపోతే చాలు. పంపు బాగుంటే దాన్ని వాడుకోవడమే మేలు.

దిండి_రేవూ, ఇప్పుడు నీకు చెప్తాను, నిదానంగా చదువు. ముందు బ్యాటరీ తీగ తీసెయ్, సీటు తీసి కాసేపు గాలాడనివ్వు. కార్బరేటర్ నోళ్లలో శుభ్రమైన గుడ్డ కుక్కు, ఎన్ని గుడ్డలు పెట్టావో లెక్క పెట్టుకో. రోటరీ వాల్వు ఇంజను కదా, ఒక వాషర్ జారి లోపల పడితే ఇంజను విప్పాల్సిందే.

కార్బరేటర్లు పూర్తిగా బిగించేశానన్నావు. చెయ్యి దూరకపోతే మొహమాటపడకుండా మళ్లీ వదులు చెయ్, కేబుళ్లు తగిలించాక బిగించుకోవచ్చు. ఎక్సిలేటర్ లీవరును వేలితో తెరిచి పట్టుకుని, ముందు లోపలి వైరు చివరి బుడిపెను లీవరు గాడిలో పెట్టు. తర్వాత బయటి తొడుగును బ్రాకెట్‌లో కూర్చోబెట్టు. చాలామంది ముందు బ్రాకెట్ బిగించి తర్వాత వైరును లాగుతారు, అప్పుడు అది అందదు, అందకపోతే కటింగ్ ప్లేయర్‌తో పట్టి లాగుతారు, పోగులు తెగుతాయి. నట్లు ఇప్పుడే బిగించకు, చేత్తో తిప్పి వదిలెయ్.

ఇప్పుడు హ్యాండిల్ దగ్గర ఎక్సిలేటర్ పూర్తిగా నొక్కమని ఎవరికైనా చెప్పు. టార్చి వేసి చూడు, రెండు కార్బరేటర్లలో బటర్‌ఫ్లైలు (గాలి దారిని తెరిచి మూసే రేకులు) పూర్తిగా తెరుచుకోవాలి. లీవరు చివరి ఆపుకి తగిలీ తగలనట్టు వెంట్రుకంత సందుండాలి. గట్టిగా ఆనిపోతే నొక్కినప్పుడల్లా కేబుల్ మీద బరువు పడి సాగిపోతుంది. వదిలితే టప్పున చప్పుడొచ్చి వెనక్కి రావాలి, ఐడిల్ స్క్రూని తాకాలి. నిదానంగా వచ్చినా, మధ్యలో ఆగినా ఊరుకోవద్దు. రెండు బటర్‌ఫ్లైలూ ఒకేసారి కదలడం మొదలవ్వాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే మధ్యలో కలిపే ముక్క సరిగ్గా కూర్చోలేదని అర్థం. ఇంతవరకూ చేసి చెప్పు. ఆయిల్ పంపు సంగతి ఆ తర్వాత.

పంటు_సరంగు
బాబాయ్ గారు చెప్పినట్టు చేస్తే చాలు, ఇంకెవరి మాటా వినక్కర్లేదు. నేను నర్సాపురం సఖినేటిపల్లి మధ్య రోజూ తిరిగేవాణ్ణి, డీజిల్ ఇంజన్లు తప్ప ఈ చిన్న ఇంజన్లు నాకు తెలీవు. కానీ కేబుల్ విషయంలో అన్నీ ఒకటే. వదిలితే వెనక్కి రాని ఎక్సిలేటరున్న బోటు రేవు దాటకూడదు.

కొబ్బరి_లంక
ఇది కుదిరాక బాబాయ్ గారికి పులస పులుసు పెట్టాల్సిందే తమ్ముడు.

ఏటిగట్టు
జనవరిలో పులస ఎక్కడ దొరుకుతుందండీ. వరద నీళ్లతో వచ్చే చేప కదా. చందువా పెట్టమనండి.

దిండి_రేవు
బాబాయ్ గారూ, కార్బరేటర్లు వదులు చేసి మీరు చెప్పినట్టే బుడిపె ముందు పెట్టాను. పది నిమిషాల్లో అయిపోయింది, రెండు రోజులు నేను చేసింది తలకిందులు పని. కానీ వదిలితే టప్పుమని రావట్లేదు, కాస్త బద్ధకంగా వస్తోంది. కేబుల్ పైచివర వంచి చూస్తే లోపలి వైరు రంగు మారింది, తొడుగు అంచు దగ్గర రెండు పోగులు లేచాయి.

కొబ్బరి_లంక
గ్రీజు పెట్టి నాలుగుసార్లు ఆడించండి, వదులవుతుంది.

ఉప్పాడ_అల
గ్రీజు వద్దన్నా. తొడుగు లోపల నైలాన్ పొర ఉంటుంది, గ్రీజులో ఇసుక, ఉప్పు పట్టి ఇంకా బిగుసుకుంటుంది. పల్చటి స్ప్రే కొట్టాలి. అయినా పోగులు లేచాక ఏం పెట్టినా లాభం లేదు, మార్చాల్సిందే.

నర్సాపురం_టూటీ
కొత్తది ఎక్కడ దొరుకుతుంది పండగ ముందు? బైకు క్లచ్ వైరు తెచ్చి కొలతకి కోసి, చివర సీసం పోసి బుడిపె చేసుకోవచ్చు. చాలామంది చేస్తారు.

యానాం_బాబాయ్
చేస్తారు, నేనూ చేశాను, మళ్లీ చెయ్యను. చివర సీసం బుడిపె ఊడితే ఎక్సిలేటర్ మూతపడుతుంది, అది నయం, నది మధ్యలో ఆగిపోతాం అంతే. కానీ బైకు వైరుకి ఉప్పునీళ్లలో వారం రోజులకే తుప్పు పట్టి తొడుగులో ఇరుక్కుంటుంది, అప్పుడు ఎక్సిలేటర్ తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోతుంది. ముందున్నది పంటు కావచ్చు, స్నానాలు చేసేవాళ్లు కావచ్చు. పైగా దీనిది ఒక వైరు రెండుగా చీలే కేబుల్, ఆ చీలిక దగ్గర కొలత కొంచెం మారినా ఆయిల్ పంపు లెక్క మొత్తం తప్పుతుంది. అసలైన కేబులే తెప్పించుకో. వైజాగ్‌లో వాటర్ స్పోర్ట్స్ నడిపేవాళ్లని అడుగు, వాళ్ల దగ్గర ఒకటి అదనంగా ఉంటుంది.

నర్సాపురం_టూటీ
ఈ మాటకి నేను ఒప్పుకుంటాను. చీలే కేబుల్ సంగతి నాకు తట్టలేదు, మాది పంపు లేని బండి కదా.

వైనతేయ
ఎక్సిలేటర్ గురించి మాట వచ్చింది కాబట్టి ఒకటి. కొత్తగా ఎక్కినవాళ్లు ఎదురుగా ఏదైనా కనబడగానే కంగారుపడి ఎక్సిలేటర్ వదిలేసి హ్యాండిల్ తిప్పుతారు. ఈ పాత వాటికి వెనక నీళ్లు చిమ్మితేనే మలుపు. ఎక్సిలేటర్ వదిలేస్తే హ్యాండిల్ ఎంత తిప్పినా నేరుగానే పోతుంది. ఎక్కించే ముందు ప్రతి ఒక్కరికీ ఒడ్డునే చెప్పండి. చేతికి కట్టే తాడు కూడా తప్పకుండా కట్టించండి, మనిషి పడితే ఇంజను ఆగిపోవాలి. లైఫ్ జాకెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదారిలో జరిగిన పడవ ప్రమాదం మనలో ఎవరూ మర్చిపోలేదు.

దిండి_రేవు
తప్పకుండా చేస్తానండీ. కేబుల్ వైజాగ్‌లో దొరికింది, తెలిసినాయన రాత్రి బస్సులో పంపిస్తానన్నారు. అది వచ్చేలోపు ఆకుపచ్చ జిగురు ఎందుకొచ్చిందో ఎవరైనా చెప్తారా? మళ్లీ వస్తే ఇదంతా వృథానే.

ఉప్పాడ_అల
పెట్రోలు గొట్టాలు బూడిదరంగులో ఉన్నాయా?

దిండి_రేవు
అవును, అన్నీ బూడిదరంగే.

ఉప్పాడ_అల
అదీ సంగతి. ఆ కాలం సీడూల్లో వచ్చిన ఆ బూడిద గొట్టాలు లోపల్నుంచి కరిగి ఆకుపచ్చ జిగురుగా మారతాయి, తిన్నగా వచ్చి కార్బరేటర్ జాలీలో కూర్చుంటాయి. ఇప్పుడు మన బంకుల్లో పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, ఆ గొట్టాలకి అది ఇంకా పడదు. అన్నీ తీసేసి మంచి నల్ల ఫ్యూయల్ హోస్ వేయండి, క్లిప్పులు కూడా కొత్తవి. పెట్రోల్ తిప్పే నాబ్ ఉంటుంది చూడండి, దాన్ని కూడా విప్పి కడగండి, అందులోనూ ఉంటుంది. నెలల తరబడి ఆపేటప్పుడు ట్యాంకులో పెట్రోలు ఉంచకండి, ఇథనాల్ తేమ లాగుతుంది, మన కోనసీమ గాలిలో తేమకి కొదవా?

దిండి_రేవు
కేబుల్ వచ్చింది, వేశాను. ఇప్పుడు టప్పుమంటోంది! గొట్టాలు కూడా మార్చేశాను, రాజోలులో దొరికాయి. ఇంక ఆయిల్ పంపు చెప్పండి బాబాయ్ గారూ.

యానాం_బాబాయ్
పంపు లీవరు మీద ఒక గీత ఉంటుంది, పంపు బాడీ మీద ఇంకో గీత. మసి పట్టి కనబడకపోతే పెట్రోలు గుడ్డతో తుడువు. బుడిపెను లీవరులో పెట్టి, కేబుల్ నట్లు వదులుగా ఉంచు. ఇప్పుడు హ్యాండిల్ దగ్గర ఎక్సిలేటర్ చాలా మెల్లగా నొక్కు. మొదట్లో ఖాళీ ఆట ఉంటుంది, తర్వాత కాస్త బిగువు తగులుతుంది. ఆ బిగువు తగిలిన చోటే ఆపు, ఇంకా నొక్కొద్దు. ఆ స్థితిలో రెండు గీతలూ ఎదురెదురుగా రావాలి. రాకపోతే 10 నంబర్ పానాలు రెండు తీసుకో, ఒక నట్టు పట్టుకుని రెండోది తిప్పుతూ కలుపు. కలిశాక బిగించి మళ్లీ చూడు, బిగించేటప్పుడు జరిగిపోతుంది ఒక్కోసారి.

లీవరు మీది గీత వెనకబడితే ఆయిల్ తక్కువ, ఇంజను పోతుంది. ముందుకి పోతే ఆయిల్ ఎక్కువ, పొగ, ప్లగ్గులు తడిసిపోవడం.

కార్బరేటర్ దగ్గర కేబుల్ సర్దినప్పుడల్లా ఇది మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే రెండూ ఒకే వైరు నుంచి వస్తున్నాయి. అందుకే ముందు కార్బరేటర్, తర్వాతే పంపు. గొట్టంలో గాలి బుడగలు కనిపిస్తే పంపు మీద చిన్న స్క్రూ వదులు చేసి ఆయిల్ బొట్లుగా వచ్చేదాకా వదులు. ఇంజనులోకి వెళ్లే సన్న గొట్టాల్లో గాలి ఉంటే ఐడిల్‌లో తిప్పుతూ పంపు లీవరును చేత్తో పూర్తిగా తెరిచి పట్టుకుంటే పోతుంది. మొదటి ట్యాంకుకి మాత్రం పంపు పనిచేస్తున్నా పెట్రోల్లో కూడా 50కి 1 కలుపు. పొగ ఎక్కువొస్తుంది, పర్లేదు.

దిండి_రేవు
గీతలు కలిశాయి. చోక్ కేబుల్‌కి కూడా ఇలాంటి లెక్కేమైనా ఉందా?

యానాం_బాబాయ్
దానికి ఇంత లేదు. నాబ్ లాగితే చోక్ రేకులు పూర్తిగా మూసుకోవాలి, లోపలికి తోస్తే పూర్తిగా తెరుచుకోవాలి. సగం మూసి ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంతే.

ఏటిగట్టు
స్టార్ట్ చేసే ముందు ఫ్లేమ్ అరెస్టర్ (కార్బరేటర్ల నుంచి మంట బయటికి రాకుండా ఆపేది) బిగించారా? చాలామంది, కాస్త చూద్దామని అది లేకుండా స్టార్ట్ చేస్తారు. మా బావమరిది అలాగే చేస్తే బ్యాక్‌ఫైర్ కొట్టి లోపల మంట లేచింది. కనుబొమ్మలు కాలాయి, దేవుడి దయవల్ల అంతటితో పోయింది. అడుగున పెట్రోలు ఆవిరి నిలబడి ఉంటుంది, నిప్పురవ్వ చాలు. ఆ స్క్రూలకి థ్రెడ్ లాక్ కూడా పెట్టండి, అదురుకి ఊడి లోపలికి పోతాయి.

దిండి_రేవు
బిగించానండీ, స్క్రూలకి నీలం రంగు థ్రెడ్ లాక్ పెట్టాను. గుడ్డలు రెండు పెట్టాను, రెండూ తీశాను.

పంటు_సరంగు
ఒడ్డున స్టార్ట్ చేస్తే ఇంజను చల్లబడడానికి పెట్టే నీళ్ల పైపు జాగ్రత్త.

ఉప్పాడ_అల
అవును, ముందు ఇంజను స్టార్ట్, వెంటనే నీళ్లు తిప్పాలి. ఆపేటప్పుడు ముందు నీళ్లు కట్టేసి తర్వాత ఇంజను. తిరగేసి చేస్తే నీళ్లు సిలిండర్లలోకి పోతాయి.

దిండి_రేవు
స్టార్ట్ అయింది!! ఒక్క సెల్ఫ్‌కే. మా నాన్నగారు కొట్టంలోంచి పరిగెత్తుకొచ్చారు ఏమైందోనని. కానీ ఒక తేడా ఉంది. హ్యాండిల్ ఎడమకి పూర్తిగా తిప్పితే ఎక్సిలేటర్ ముట్టుకోకుండానే ఇంజను రేజ్ అవుతోంది. కుడికి తిప్పితే మామూలే.

వైనతేయ
వెంటనే ఆపండి, ఇలా నీళ్లలోకి దింపొద్దు.

యానాం_బాబాయ్
కంగారేం లేదు. కొత్త కేబుల్ వేసేటప్పుడు దారి మారింది. హ్యాండిల్ స్తంభానికి అవతల నుంచి రావాల్సింది ఇవతల నుంచి తెచ్చుంటావు, తిప్పినప్పుడు లాగుతోంది. నట్లు ముట్టుకోకు, అవి బాగున్నాయి. పైచివర విప్పి దారి మార్చు. పాత కేబుల్ రుద్దుకున్న మరకలు లోపలి ప్లాస్టిక్ మీద ఉంటాయి, వాటి వెంట పో.

దిండి_రేవు
మరకలు దొరికాయి బాబాయ్ గారూ, నేను వైర్ల కట్టకి అవతలి పక్క నుంచి తెచ్చాను. మార్చాక రెండు వైపులా తిప్పినా శబ్దం మారట్లేదు. గీతలు మళ్లీ చూశాను, కలిసే ఉన్నాయి.

కొబ్బరి_లంక
మా కాలవకి మాత్రం తీసుకురాకండి, గుర్రపుడెక్క మొత్తం లోపలికి లాగేస్తుంది, మళ్లీ ఇంకో చర్చ పెట్టాల్సొస్తుంది.

దిండి_రేవు
ఈ పొద్దున పోటు మీద వశిష్ఠ గోదారిలోకి దింపాను, నాతో ఎవర్నీ ఎక్కించుకోలేదు. నీళ్లలో ఐడిల్ 1500 దగ్గర నిలబడింది. మొదటి పది నిమిషాలు సగం ఎక్సిలేటర్ దాటలేదు, తర్వాత కాసేపు ఫుల్లు. పొగ బాగా వచ్చింది, కలిపిన ఆయిల్ కదా. వదిలిన ప్రతిసారీ టప్పుమని వెనక్కి వచ్చింది. ఒడ్డుకి తెచ్చి మంచినీళ్లతో లోపలా బయటా కడిగాను.

నర్సాపురం_టూటీ
శుభం. ఆయిల్ ట్యాంకులో మట్టం తగ్గిందా?

దిండి_రేవు
తగ్గింది, ముందే పెన్నుతో గీత పెట్టుకున్నాను. వేలి మందం దిగింది.

యానాం_బాబాయ్
ప్లగ్గులు తీసి చూశావా? రంగు ఏముంది?

దిండి_రేవు
రెండూ కాఫీ రంగులో ఉన్నాయి, కొంచెం తడిగా. రెండిటికీ తేడా లేదు.

యానాం_బాబాయ్
అయితే సీటు మూసెయ్.